ఇనుపరేకు, ఉన్ని, నీటియావిరి

ఇల్లు కదలక నిలుచునది. బండి నిలువక కదలునది. ఈ రెంటిని ఒక్కటిగా చేయవలెనను కోరిక మనుష్యులకు మిక్కిలి పాతది. గూడుబండిలో వరిగడ్డి పరచి, దానిపై జంబుకానా వేసి, పిల్లలను పండుకొనబెట్టుకొని తీర్థములకు పోయిన కుటుంబములు మనదేశమున ఎన్నియో కలవు. మిషను పెద్దలు శీతకాలమున ఎడ్లబండ్లపై డేరాలు వేసికొని పల్లెలు తిరిగిన సంగతియు మన తాతలవలన వినియున్నాము. ఇంగ్లండులో 1885 సంవత్సరమున గోర్డన్ స్టేబుల్సు అను వైద్యుడు, తానందు నివసించుచు దేశము చూచుటకై, ‘వాండరర్’ అను గుఱ్ఱపుబండిని కట్టించుకొనెను. మోటారు పుట్టిన పిదప గుఱ్ఱము పోయినది గాని కోరిక పోలేదు.

ఇట్టి మోటారు ఇండ్లలో లోకమంతటను పేరెక్కినది జర్మనీదేశపు వోక్స్‌వాగన్ బండి. హాలండు దేశపు వర్తకుడగు బెన్ పోన్ 1947లో తన చిన్న పుస్తకములో ఒక పెట్టెను, దాని క్రింద చక్రములను గీసెను. ఆ గీతనుండి పుట్టిన బండిని 1950 మార్చి నెలలో వోల్ఫ్స్‌బుర్గు కార్ఖానాయందు చేయ మొదలిడిరి. 1951 మొదలు వెస్ట్‌ఫాలియా కంపెనీవారు దానిలో పడక, బీరువా, పొయ్యి మొదలగునవి అమర్చుచు వచ్చిరి. ముందరి అద్దము రెండు పలకలుగా నుండు తొలితరపు బండ్లు జర్మనీలో 1967 వరకును, ఒకే వెడల్పాటి అద్దముగల రెండవతరపువి 1979 వరకును తయారైనవి. 1960, 1970 దశకములలో ఐరోపా యువకులు పలువురు ఇట్టి బండ్లలో తుర్కీ, ఈరాను, అఫ్గానిస్తానుల మీదుగా రోడ్డుమార్గముననే మన దేశమునకు వచ్చెడివారు. 1979లో ఈరానునందు విప్లవమును, అఫ్గానిస్తానున సోవియట్ సేనల ప్రవేశమును సంభవించుటచే ఆ త్రోవ మూతపడినది.

ఈ రెండు తరముల బండ్లలో జర్మనీలో చేసినవాటి కన్నిటికిని నలువది యేండ్లు దాటినవి. అయినను వీనిని వెదకి కొని, విప్పి, బాగుచేసి, మరల కాపురమునకు తగినట్లు చేయువారు ఐరోపాలోను ఇంగ్లండులోను అమెరికాలోను వేలకొలది యున్నారు. అందు చాలమంది చేయునది వేసవి ప్రయాణములకు మాత్రమే గాక, చలికాలపు రాత్రులు కూడ లోపల నిద్రింపవలెనని. అందులకై గోడలలో ఉన్నియో మరియొకటియో కూరుదురు. ఇక్కడనే ఒక పెద్ద పొరపాటు జరుగుచున్నది. ఎంతో ధనమును శ్రమయు పెట్టి చేసిన బండి రెండు మూడు చలికాలములలో లోలోపల కుళ్ళిపోవుటకు ఆ వెచ్చదనమే కారణమగుచున్నది. ఇది యెట్లు జరుగునో మన ఉష్ణశాస్త్రపు పాఠముతోనే తెలిసికొనవచ్చును గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట తుప్పునుగూర్చి. ఈ బండికి గట్టి చట్రమొకటి వేరుగా నుండి దానిపై పెట్టె దిగవేసినట్లు కాదు. రేకుపెట్టెయు, దాని అడుగున అతికిన దూలములును కలసియే బరువును మోయును. రేకు మందము పలుచోట్ల ఒక మిల్లీమీటరునకు మించదు. కాబట్టి తుప్పు ఇక్కడ అందమునకు సంబంధించిన విషయము కాదు, బలమునకు సంబంధించినది. మచిలీపట్టణము, కాకినాడ ప్రాంతముల వారికి సముద్రపుగాలి కిటికీకమ్ముల నెట్లు తినునో చెప్పనక్కరలేదు. ఐరోపాలో సముద్రము దూరమైనను, చలికాలమున రోడ్లమీది మంచు కరగుటకు ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు చక్రములు చిమ్మగా అడుగుభాగమంతయు పట్టుకొనును. ఇనుము తుప్పైనపుడు దాని పరిమాణము పెరుగును. కావుననే రంగు క్రింద బొబ్బలు లేచును, రెండు రేకుల అతుకు ఉబ్బి విచ్చును. పైన కాసుప్రమాణమైన బొబ్బ కనబడినచో లోపల అరచేతి వెడల్పు పోయినదని తలచుట మంచిది.

తుప్పు దాగుచోట్లు అందఱికిని తెలిసినవే: తలుపుల క్రింది గడపలు, చక్రముల పై వంపులు, బ్యాటరీ కూర్చుండు పళ్ళెము, ముందరి అద్దపు క్రింది అంచు, చూరువలె పైకప్పు చుట్టును పోవు నీటికాలువ, జాకీ ఆనించు మూలలు. వీనిని చూచుటకు బండిలోని చెక్కపలకలు, నేల, పడకలు అన్నియు తీయవలెను. తీయుటకు ముందు ప్రతిదానిని ఛాయాచిత్రము తీసి, ప్రతి పలక వెనుక సంఖ్య వ్రాసి, మరలను వేరు వేరు డబ్బాలలో పోసి పేరు వ్రాయవలెను. ఉత్సాహవంతుడు ఒక్క సాయంకాలములో బండిని విప్పివేయును. ఆరు నెలల తరువాత ఏ మర ఎక్కడిదో తెలియక తల పట్టుకొనును. పిమ్మట మొనగల పనిముట్టుతో రేకును గట్టిగా పొడిచి చూడవలెను. దిగినచోటు కోసివేయవలసినదే. తుప్పుపై లేపనము పూసి, పైన మెత్తి, రంగు వేయుట అమ్మువాని పనియే గాని కాపురముండువాని పని కాదు.

కోతలో నొక జాగ్రత్త. రెండు ప్రక్కల గడపలను ఒక్కసారి కోసినచో బండి నడుము వంగును. తరువాత తలుపులు ఎన్నడును సరిగా పడవు. ముందుగా తలుపు సందులలో ఇనుపకడ్డీలు ఆనించి బిగించి, ఒక్కొక్క ప్రక్కనే కోసి, క్రొత్త రేకును వెల్డింగు చేయుదురు. వెల్డింగునకు ముందు పెట్రోలు తొట్టిని తీసి దూరముగా నుంచవలెను, బ్యాటరీ తీగ విప్పవలెను, చుట్టును ఉన్నియు నురుగుపలకలును లేకుండ చేయవలెను. అతుకులపై జస్తుకలిసిన ప్రైమరును, దానిపై రంగును, బోలుగానుండు గడపలలోనికి మైనమును పిచికారితో కొట్టుదురు. ఆ గడపల అడుగునను తలుపుల అడుగునను చిన్న చిల్లులుండును. అవి తూములు. లోనికి చేరిన నీరు పోవుటకై కార్ఖానావారే పెట్టినవి. వానిని మైనముతోగాని రంగుతోగాని పూడ్చుట, ఇంటి తూమును పూడ్చి వానకు ఎదురుచూచుటవంటిది.

పాత రంగులలో సీసము, పాత బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాసు ఉండును. వానిని పొడిగా గీకి దుమ్ము లేపరాదు. తడిపి, ముక్కునకును నోటికిని తగిన ముసుగు కట్టుకొని పనిచేయవలెను. ఇంజను వెనుకవైపున నుండును. పెక్కు బండ్లలో దాని పెట్టె మెగ్నీషియము కలిసిన లోహము. పాతబడిన పెట్రోలు గొట్టము బీటలువారి, చుక్క వేడి ఇంజనుపై బడి నిప్పంటుకొని బండ్లు కాలిపోయినవి పెక్కు. మెగ్నీషియము అంటుకొన్న పిదప నీటితో ఆర్పజూచుట మరింత అపాయము. రబ్బరు గొట్టముల వెల స్వల్పము. వానిని ముందుగా మార్చుదురుగాక.

ఇక మన ముఖ్యవిషయమునకు వత్తము. బండి గట్టిపడినది, అద్దముల చుట్టు రబ్బరులు క్రొత్తవి వేయబడినవి, వాననీరు రాదు. బయట 0 డిగ్రీలు, లోపల పొయ్యి వెలిగించి 20 డిగ్రీలు చేసితిమనుకొందము. ఉక్కురేకు వేడిని అడ్డగించునా? ఉక్కు ఉన్నికంటె వేయిరెట్లకు పైగా సులభముగా వేడిని ప్రసరింపజేయును. ఒక మిల్లీమీటరు రేకు అడ్డే కాదని చెప్పవచ్చును. అడ్డగించునది రేకునకు లోపలను వెలుపలను అంటియుండు పలుచని నిశ్చలమైన గాలిపొరలు మాత్రమే. ఆ పొరల నిరోధమును లెక్కించినచో, ఒక చదరపు మీటరు వట్టి రేకునుండి సుమారు 115 వాట్ల వేడి బయటికి పోవుచుండును. రేకు లోపలి ముఖము 5 డిగ్రీల ప్రాంతమున నుండును.

ఇప్పుడు 25 మి.మీ. మందముగల మంచి ఉష్ణబంధకమును లోపల అంటింతము. పోవు వేడి 115 నుండి 24 వాట్లకు దిగును. ఇంత లాభము కలిగెను గనుక మరియొక 25 మి.మీ. వేయుదమా? అప్పుడు 24 నుండి 13కు మాత్రమే దిగును. మొదటి అంగుళము 91 వాట్లు మిగిల్చినది, రెండవది 11 మాత్రమే మిగిల్చినది. కాని గదిలో స్థలమును ఇద్దఱును సమానముగనే తినిరి. మనిషి అడ్డముగా పండుకొనుటయే కష్టమైన బండిలో ఇది చిన్నమాట కాదు. తొలి బండ్ల యింజనుకు 25 గుఱ్ఱముల బలమే గనుక బరువు సంగతియు మరువరాదు.

ఇంతవరకు అందఱును లెక్కింతురు. తరువాతి అంకెను చూడరు. ఉష్ణబంధకము వేయకముందు రేకు 5 డిగ్రీలుండెను గదా? వేసిన పిమ్మట రేకు ఎంత వేడిగా నుండును? ఒక డిగ్రీ! లోపలి వెచ్చదనము రేకును చేరకుండ మనమే అడ్డుపెట్టితిమి గనుక అది బయటి చలికి పూర్తిగా వశమైనది. గది వెచ్చబడినకొలది రేకు చల్లబడినది. ఈ ఒక్కమాటను పాఠకులు మనస్సున నుంచుకొందురేని మిగిలినదంతయు సులభముగా బోధపడును.

చల్లని నీరు పోసిన కంచుచెంబు వెలుపల చెమర్చుటను ఎల్లరు నెఱుగుదురు. చెంబు కారలేదు, గాలిలోని ఆవిరి చల్లని లోహమును తాకి నీరైనది. 20 డిగ్రీల గాలి ఘనమీటరు ఒక్కింటికి 17 గ్రాముల ఆవిరిని మోయగలదు. 0 డిగ్రీల గాలి 5 గ్రాములకంటె ఎక్కువ మోయలేదు. 20 డిగ్రీలలో నూటికి 60 పాళ్ళు తేమగల గాలి, 12 డిగ్రీలకు దిగిన దేనిని తాకినను చెమర్చును. దీనినే తుషారస్థానమందురు. మన రేకు ఒక డిగ్రీ యందున్నది.

ఆవిరి యెక్కడినుండి వచ్చును? మనుష్యులనుండియే. నిద్రించు ఇద్దఱు మనుష్యులు ఊపిరిచేతను చర్మముచేతను ఒక రాత్రిలో ఇంచుమించు అరలీటరు నీటిని గాలికి ఇత్తురు. బండిలో 6 ఘనమీటర్ల గాలి యున్నదనుకొన్నచో అది 20 డిగ్రీలలో నిండుగా మోయగలది నూరు గ్రాములకు కొంచెము పైన. మిగిలిన నాలుగు వందల గ్రాములు ఎక్కడికి పోవలెను? బయటికి పోవలెను, లేదా ఎక్కడనో నీరు కావలెను. పొయ్యి సంగతి మరింత చిత్రము. ప్రోపేను వాయువు మండునపుడు 44 పాళ్ళ ప్రోపేనునుండి 72 పాళ్ళ నీరు పుట్టునని రసాయనశాస్త్ర విద్యార్థులు సమీకరణము వ్రాసి చూచుకొనవచ్చును. అనగా ఒక కిలో వాయువు కాల్చినచో 1.6 కిలోలకు పైగా నీరు! తడిసిన గదిని ఆరబెట్టుటకు పొగగొట్టములేని వాయువు పొయ్యిని వెలిగించువారు నీరు పోసి నేల నారబెట్టుచున్నారన్నమాట.

ఈ ఆవిరి ఉన్నిగుండను, పలకల సందులగుండను మెల్లగా పోయి చల్లని రేకును చేరి అక్కడ నీరగును. కంటికి కనబడదు. లోపల అందమైన చెక్కపలక, దానిపై పూలగుడ్డ. వెనుక రేకు రాత్రి తడియుచు, పగలు ఆరక, మరల రాత్రి తడియుచుండును. పాత బండ్ల పలకలు ఊడదీసిన వారు తఱచుగా చూచునది ఇదియే: గాజుఉన్ని తడిసి, ప్రయాణపు కుదుపులకు క్రిందికి జారి, గోడ అడుగున ముద్దగా పడియుండును, దానికి తాకిన రేకు జల్లెడవలె నుండును.

కాబట్టి ఏ పదార్థము వాడవలెనను ప్రశ్నకు, అది వేడిని ఎంత ఆపును అనుదానికంటె, నీటిని ఏమి చేయును అనునది ముఖ్యము. వేడిని ఆపుటలో గాజుఉన్ని, గొఱ్ఱెఉన్ని, కార్కు, నురుగురబ్బరు ఇంచుమించు ఒకదాని కొకటి తీసిపోవు. గాజుఉన్ని మాత్రము ఇట్టి బండికి తగదని మా దృఢాభిప్రాయము. గట్టి పాలిస్టిరీను పలకలు చదునైన నేలకు బాగుగనే యుండును గాని వంపుగోడలకు వంగవు, కదలికలో కీచుమనును, నిప్పునకు త్వరగా లొంగును. గొఱ్ఱెఉన్ని తన బరువులో మూడవవంతువరకు తేమను పీల్చికొని, పొడివేళ మరల విడువగలదు. చిమ్మటలు పట్టకుండ శుద్ధిచేసినది కావలెను. వెండివలె మెఱయు రేకుకాగితమును కొందఱు చాలునందురు. అది మెఱయు ముఖమునకెదుట గాలిసందు ఉన్నచోటనే పనిచేయును. రెండు పొరలనడుమ ఒత్తి పెట్టినచో దాని గుణము పోవును.

మాకు మేలుగా తోచునది యిది. రేకును శుభ్రముగా తుడిచి, మూసియుండు చిన్న గదులుగల నురుగురబ్బరు పలకను రేకునకు గాలిసందు లేకుండ అంటింపవలెను. ఆవిరి దాని గుండ పోజాలదు. రేకునకును దానికిని నడుమ గాలియే లేదు గనుక నీరగుటకు చోటుండదు. బండి పక్కటెముకలవంటి ఇనుపదూలములను కూడ కప్పవలెను. లేనిచో వేడి ఆ దూలముల వెంట పారిపోవును, చెమ్మ వానిపై కూడును. లోతైన గోడగూళ్ళలో, ఆరుటకు గాలి తగులుచోట, ఆ పలకపై గొఱ్ఱెఉన్ని వేయవచ్చును. గడపలలోను తూములున్న బోలులలోను ఏమియు కూరరాదు. అందులోనికి ఉబ్బెడు నురుగును కొట్టినవారు, నీటిని బయటికి పోనీయక బంధించి, తాము వెల్డింగు చేసిన క్రొత్త రేకునే మరల పోగొట్టుకొనిరి. ప్లాస్టికు పొరతో లోపలినుండి ఆవిరిని పూర్తిగా అడ్డగింతుమనువారు కలరు. ఇంటిగోడకది సాధ్యము కావచ్చును. తీగలకును మరలకును నూఱు చిల్లులుండు బండిలో అది మాటలలోనే సాధ్యము.

ఎంత చేసినను ఆ నాలుగు వందల గ్రాములు బయటికి పంపక తప్పదు. అందులకు గాలి కావలెను. చలికి భయపడి ప్రతి సందును గుడ్డలతో మూయువారున్నారు. ఇది బండికే గాక ప్రాణమునకును ముప్పు. మూసినగదిలో కుంపటి పెట్టుకొని పండుకొన్నవారు తెల్లవారి లేవలేదను దుర్వార్తను మన ప్రాంతములలోను చలికాలమున వినుచున్నాము. నిప్పునకు చాలినంత గాలి లేనపుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హీమోగ్లోబిను నంటుకొనుటలో ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిది. ఈ పాత బండ్లలో మరియొక మార్గమును కలదు: గాలితో చల్లబడు ఇంజనుగల రెండవతరపు బండ్లలో పొగగొట్టముచుట్టు నుండు డొల్లలో గాలి వెచ్చబడి బండిలోనికి వచ్చును. డొల్లలోపలి గొట్టము తుప్పుపట్టి చిల్లుపడినచో ఇంజను పొగయే లోనికి వచ్చును. వెచ్చదనముకొఱకు పెట్టినదే విషమును తెచ్చును. బండి వయస్సును మన్నించి ఏటేట దీనిని విప్పి చూపించుకొనవలెను. ఆ విషవాయువును కనిపెట్టి కూతవేయు చిన్న యంత్రములు నేడు అంగళ్ళలో దొరకుచున్నవి. గోడలకు ఉన్ని కొనుటకు ముందు దానిని కొనవలెను. దాని వెల ఒక కిటికీతెర వెలను మించదు.

గాలిరంధ్రములు రెండు కావలెను: ఒకటి పైన, ఒకటి క్రింద. వెచ్చని తడిగాలి పైనుండి పోవును, చల్లని పొడిగాలి క్రిందనుండి వచ్చును. చల్లనిగాలి పొడిగాలి యెట్లగునని సందేహింపవలదు; 5 గ్రాములే మోయు గాలి లోపల వెచ్చబడగానే మరి 12 గ్రాములకు దాహముగొనును. నేలలోని రంధ్రమునకు మరియొక ప్రయోజనము కలదు: సిలిండరు వాయువు గాలికంటె బరువైనది గనుక కారినచో నేలపై నిలుచును, ఆ రంధ్రమున దిగి పోవలెను. దానిపై తివాసి పరచరాదు. సిలిండరును గూర్చి ఇంకొక చిన్నమాట: బ్యూటేను 0 డిగ్రీలవద్ద ఆవిరియగుట మానును, ప్రోపేను అంతకు చాల దిగువవరకు ఆవిరియగును, చలిదేశములవారు మొదటిదానిని కొని, పొయ్యి వెలుగలేదని పొయ్యిని నిందింతురు.

అద్దములకు ఏమి చేసినను గోడలంత వెచ్చగా నుండవు. రాత్రి లోపలనుండి మందపు తెరలు తగిలింపవచ్చును. అయినను తెల్లవాఱునప్పటికి అద్దముపై నీరు కారుచుండుట చూచి కొందఱు దుఃఖింతురు. మేమైతే సంతోషింతుము. అద్దమునకు తుప్పు లేదు. అద్దముపై పడిన నీరు రేకుపై పడలేదు. పైగా అది కనబడుచున్నది, గుడ్డతో తుడిచి బయట పిండవచ్చును. ఏ రోజు ఎంత పిండితిమో చూచినచో గాలిరంధ్రము చాలునో చాలదో తెలియును.

కనబడని చోటు ఒకటి మిగిలినది: పరుపు అడుగు. మనిషి వెచ్చదనము పైన, చల్లని చెక్కపలక క్రింద. నడుమ ఆవిరి చిక్కుకొని పరుపు బూజుపట్టును. బాగుచేసిన బండిలో మొదటి చలిరాత్రి గడచిన తరువాత పరుపు నెత్తి, క్రింద అరచేయి పెట్టి చూడవలెను. చెమ్మ తగిలినచో పలకను తీసివేసి, వేళ్ళు దూరునంత ఎడముతో కఱ్ఱబద్దలు వేసి, పరుపును వానిపై పరచి, మరునాటి యుదయమున మరల చూడవలెను.